విశ్వాస ప్రమాణములును వివాహ ధర్మమును



పొలము గట్టు తగవు వచ్చినప్పుడు మనము మొదట అడుగునది కాగితము. పట్టా యేది, హద్దులు వ్రాసిన దస్తావేజు ఏది, సాక్షులెవరు అని విచారింతుము. ఆలుమగల తగవు వచ్చినప్పుడు మాత్రము కాగితమును గూర్చి యెవరును అడుగరు. ఎవరి వైపు బంధువు లెక్కువ, ఎవరి నోరు పెద్దది అను దానిని బట్టియే అనేక పర్యాయములు తీర్పు జరిగిపోవుచున్నది. సంసారమునకు గూడ వ్రాతపూర్వకమైన ఒప్పుదల యుండవలెననియు, హద్దురాయి పొలమునకు హద్దు చూపినట్లు ఆ వ్రాత కాపురమునకు హద్దు చూపగలదనియు క్రైస్తవ సంఘములు నమ్మి, ఆ ప్రకారము నడచుకొనుటకు యత్నించుచు వచ్చినవి. ఆ వ్రాతలెట్టివి, అవి ఎంతవఱకు బ్రతుకును నడుపగలవు, ఎచ్చట చాలకపోవును అనునది నేటి ప్రసంగ విషయము.

సిద్దిపేట జిల్లాలోని ధూళిమిట్ట వంటి గ్రామములకు ఈ విషయముతో దగ్గఱి సంబంధము కలదు. ధూళిమిట్టకు పడమట మెదకు, తూర్పున డోర్నకల్లు కలవు. తెలంగాణపు పల్లెలలో క్రైస్తవ సంఘములకు ఈ రెండును ముఖ్య కేంద్రములైనవి. ఈ నడుమనున్న పల్లెలలో క్రైస్తవ కుటుంబములు ఇతర కుటుంబములతో కలిసి, ఒకే చెఱువు నీటితో బ్రతుకుచున్నవి. వారి యింటి తగవు కూడ కొన్ని సమయములందు ఊరి పెద్దల ముందునకు వచ్చును. వారు పెండ్లినాడు ఏమి వాగ్దానము చేసిరో తెలిసికొనకయే తీర్పు చెప్పుట, దస్తావేజు చదువకయే గట్టు తేల్చుట వంటిది. కావున క్రైస్తవులు గాని పెద్దలకు సైతము ఈ సంగతి తెలిసియుండుట మేలు.

మొదట ఆ వ్రాతల రకములను చెప్పెదను. అవి నాలుగు విధములు. మొదటిది విశ్వాస ప్రమాణము. ఇది చిన్నది, నిలుచుండి అందఱును కలిసి పలుకునట్టిది. అపోస్తలుల విశ్వాస ప్రమాణము, నైసియ విశ్వాస ప్రమాణము అను రెండును ఇందు ముఖ్యములు. నైసియ ప్రమాణమునకు పునాది క్రీస్తుశకము 325వ సంవత్సరమున నైసియా పట్టణమందు కూడిన బిషప్పుల సభలో పడినది. 381లో కాన్‌స్టాంటినోపిలు సభతో దాని నేటి రూపమునకు సంబంధము చెప్పుదురు. రెండవది ప్రశ్నోత్తరి, కథోలికులు దీనిని జ్ఞానోపదేశమందురు. అడుగువాడు ప్రశ్న వేయగా నేర్చువాడు బదులు చెప్పును. మూడవది విశ్వాసపు ఒప్పుదల. ఇది పెద్దది, అధ్యాయములుగా నుండును. 1646లో లండను నగరమందు పూర్తియైన వెస్ట్‌మినిస్టర్ ఒప్పుదల ఇట్టిది; అందు 24వ అధ్యాయము వివాహమును గూర్చియే వ్రాయబడినది. నాల్గవది ఆరాధన క్రమములోని వివాహ ప్రమాణము; వధూవరులు నోరార పలుకు మాట.

ఈ వ్రాతలు పండితుల కొఱకే పుట్టినవనుకొనరాదు. జర్మనీ దేశమున మార్టిన్ లూథరు 1528 ప్రాంతమున సాక్సనీ పల్లెలలోని సంఘములను తనిఖీ చేసెను. అక్కడ ప్రజలకే గాక, కొందఱు బోధకులకు సైతము తమ మతమునందలి మొదటి పాఠములు రావని చూచి ఆయన మిక్కిలి చింతించెను. 1529లో చిన్న ప్రశ్నోత్తరిని వ్రాసి, ఇంటి యజమానుడు తన భార్యాబిడ్డలకును పనివారికిని దీనిని నేర్పవలెనని కోరెను. అందు పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము, ప్రభువు నేర్పిన ప్రార్థన, సంస్కారములు మాత్రమే గాక, భర్త విధి యేమి, భార్య విధి యేమి, తల్లిదండ్రుల విధి యేమి, కూలివాని యెడల యజమానుని విధి యేమి అను పట్టిక కూడ చేర్చబడినది. అనగా ఆ పుస్తకము దేవాలయపు బల్లపై కంటె ఇంటి అరుగుపై చదువబడుటకే ఎక్కువగా ఉద్దేశింపబడినది.

ఆ చిన్న పుస్తకమే తెలుగు భాషకును వచ్చినది. బెంజమిన్ షుల్ట్జ్ అను బోధకుడు చెన్నపట్టణమున నున్న కాలమున తెలుగు నేర్చి, పిదప స్వదేశమునకు మరలి, 1746లో హాలె నగరమందు లూథరు చిన్న ప్రశ్నోత్తరిని తెలుగు లిపిలో అచ్చు వేయించెను. తెలుగు అక్షరములు అచ్చునకెక్కిన తొలి పుస్తకములలో ఇది యొకటి. తెలుగువాని యింటికి అచ్చు పుస్తకముగా మొదట చేరదలచిన వానిలో, నీవు నీ యింటివారితో ఎట్లు మెలగవలెనని అడుగు ప్రశ్నల పుస్తక మొకటి యుండుట గమనింపదగినది. తరువాత 1842 జూలై 31వ తేదీన హయ్యరు అను బోధకుడు గుంటూరు చేరగా, తీరాంధ్రమున లూథరను సంఘములు విస్తరించి, ఆ ప్రశ్నోత్తరి అక్కడి పాఠశాలలలో ప్రవేశించినది.

తెలంగాణమున కథ కొంత భిన్నము. మెదకులో వెస్లియను మెథడిస్టు బోధకుడు చార్లెస్ వాకర్ పాస్నెట్ పనిచేసెను. కరవు దినములలో ప్రజలకు కూలి దొరకునట్లు ఆయన పూనికతో కట్టబడిన మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడినది. డోర్నకల్లులో వేదనాయకము సామ్యూలు అజరయ్య 1912 డిసెంబరు 29వ తేదీన బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమందు ఆ పదవి నందిన మొదటి భారతీయుడు ఆయనయే. తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళుడయ్యును తెలుగు నేర్చి, 1945 జనవరి 1వ తేదీన మరణించు వఱకు తెలుగు పల్లెల నడుమనే పనిచేసెను. 1947 సెప్టెంబరు 27వ తేదీన చెన్నపట్టణమున దక్షిణ ఇండియా సంఘ మేర్పడగా, మెదకు డోర్నకల్లు సంఘములు రెండును అందు చేరినవి. వేర్వేఱు దేశముల బోధకుల వలన వేర్వేఱు పద్ధతులు నేర్చిన సంఘములు ఒక్కటి యగుటకు ఏ వ్రాతను ఆధారము చేసికొనిరి? వేదగ్రంథముతో పాటు, అపోస్తలుల ప్రమాణమును నైసియ ప్రమాణమునే. ఇల్లు కలియుటకు గూడ అందఱును ఒప్పుకొన్న మాట యొకటి కావలసియున్నదని దీని వలన తెలియుచున్నది.

ఆనాడు ఈ సంఘములలో చేరినవారిలో మాల మాదిగ కుటుంబములే అధికము. వారికి బడి తలుపు తరతరములుగా మూసియుంచబడినది. అక్షరము రాని వారికి వ్రాతతో ఏమి పని యని మీరడుగవచ్చును. ఇక్కడనే ప్రశ్నోత్తరి యుపయోగము కనబడును. పల్లె ఉపదేశి పగలు కూలిపనికి పోయిన వారిని రాత్రి దీపము ముందు కూర్చుండబెట్టి, ఒక్కొక్క వాక్యము తాను చెప్పి వారిచే చెప్పించెడివాడు. విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన కంఠస్థమైన పిదపనే బాప్తిస్మము. డోర్నకల్లులో ఉపదేశులతో పాటు వారి భార్యలకు గూడ శిక్షణ నిచ్చెడివారు. పురుషుడొక్కడే నేర్చి ఇంటికి పోయి ఆజ్ఞాపించుటకును, ఆలుమగలిద్దఱును ఒకే పాఠము నేర్చుటకును గల వ్యత్యాసము మీరు ఎఱుగనిది కాదు. భార్యకు గూడ ఆ మాట కంఠస్థమైనచో, భర్త తన కనుకూలమైన భాగమును మాత్రమే చెప్పి తప్పించుకొనలేడు.

ఇక అసలు ప్రశ్నకు వచ్చెదము. అపోస్తలుల విశ్వాస ప్రమాణములో వివాహమును గూర్చి ఒక్క మాటయు లేదు. నైసియ ప్రమాణములోను లేదు. దేవుడు సృష్టికర్త యనియు, క్రీస్తు పుట్టి, పొంతి పిలాతు అధికారము క్రింద శ్రమపడి, సిలువపై మరణించి, లేచెననియు, తీర్పు తీర్చుటకు మరల వచ్చుననియు, పాపక్షమాపణయు శరీర పునరుత్థానమును కలవనియు మాత్రమే అందు చెప్పబడినది. అట్టి వ్రాత కాపురమును ఎట్లు నడుపగలదు?

ఒక్కొక్క మాటను ఇంటిలోనికి తీసికొనిపోయి చూడుడు. సృష్టికర్త యొక్కడే యని పలుకువాడు, తన భార్యను కూడ ఆ చేతులే చేసినవని ఒప్పుకొన్నవాడగును. అప్పుడామె తన యింటి సొత్తు గాదు. కొని తెచ్చిన ఎద్దు గాదు. ఆమెపై చేయి యెత్తువాడు తాను తండ్రి యని పిలుచు దేవుని పనిని పాడుచేయుచున్నాడు. పిలాతు పేరు ప్రమాణమందుండుట చాలమందికి వింతగా తోచును. బలము గలవాడు బలహీనునికి అన్యాయము చేసిన దినమును క్రైస్తవుడు ఆదివార మాదివారమును జ్ఞాపకము చేసికొనుచున్నాడన్నమాట. తన ప్రభువు దెబ్బలు తిన్నవాడే గాని కొట్టినవాడు కాడు. కావున ఇంటి పెద్దరికమును పిలాతు రీతిని నడుపువాడు ఆ ప్రమాణమును తన నోటితోనే ఖండించుకొనుచున్నాడు.

తీర్పు గలదను మాట నాలుగు గోడల నడుమ జరుగు దానికిని వర్తించును. ఊరివారు వినకపోయినను వినువాడొకడున్నాడని దాని యర్థము. శరీర పునరుత్థానమును నమ్ముట యనగా మనిషి శరీరము తుచ్ఛము గాదని నమ్ముట. రోగమందును ఆరోగ్యమందును విడువనని పలుకు వివాహ ప్రమాణమునకు బలము అక్కడినుండియే వచ్చుచున్నది. కుష్ఠురోగము సోకినవానికి సొంత యింటి తలుపే మూతపడు కాలమున, వెస్లియను మిషనువారు 1915లో నిజామాబాదు సమీపమందలి డిచ్‌పల్లిలో ఆ రోగుల కొఱకు ఆసుపత్రి నెలకొల్పిరి. డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ అచ్చట కలిసి పనిచేసిరి. నమ్మిన మాట గోడలుగాను మందుగాను మారుట యనగా ఇట్టిదే.

పాపక్షమాపణను గూర్చి మాత్రము జాగ్రత్తగా చెప్పవలసియున్నది. తాను క్షమాపణ వలననే బ్రతుకుచున్నానని వారము వారము పలుకు మనిషి, పదేండ్ల క్రిందట అత్తవారింట జరిగిన చిన్న లోపమును లెక్క వ్రాసికొని నేటికిని ఎత్తిపొడుచుట తగదు. ఇది ఇద్దఱికిని సమానము. అయితే కొట్టినవాడు దెబ్బ తిన్నదానిని చూచి, నీవు క్రైస్తవురాలవు గదా, క్షమింపుము అని అధికారముతో అడుగుటకు ఈ మాట ఆధారము గాదు. క్షమాపణకు ముందు పశ్చాత్తాపము కలదని ప్రశ్నోత్తరులు బోధించుచున్నవి. పశ్చాత్తాపమనగా కన్నీరు గాదు, మరలుట. మరలని వాని చేతికి క్షమాపణను అప్పగించుట, దొంగ చేతికి తాళపుచెవి ఇచ్చినట్లే.

ఇక వివాహ ప్రమాణమును చూతము. క్రైస్తవ వివాహమునకు ముందు సాధారణముగా మూడు ఆదివారములు సంఘము నెదుట వధూవరుల పేర్లు ప్రకటింతురు. ఎవరికైనను అభ్యంతర మున్నచో తెలుపుమని అడుగుదురు. ఇది తంతు కాదు. వరునికి మఱియొక ఊరిలో భార్య యున్నదా, వధువునకు వయసు వచ్చినదా, బంధుత్వము అడ్డమా అని ఊరంతయు చెప్పుటకు మూడు వారముల గడువు. పిదప పెండ్లినాడు వరుని అడిగిన ప్రశ్ననే వధువును గూడ అడుగుదురు. ఆమె బదులును సాక్షులు వినవలెను. ఆడుపిల్ల తన వివాహమును గూర్చి నలుగురిలో నోరు విప్పుట మర్యాద కాదనుకొను ఊరిలో, ఆమె నోటిమాట లేనిదే పెండ్లి జరుగదను నియమము చిన్నది కాదు. కథోలిక సంఘపు ధర్మశాస్త్రము 1983లో నూతనముగా ప్రకటింపబడినది. దాని ప్రకారము సమ్మతియే వివాహమును చేయును. బలవంతము చేతను భయము చేతను పలికించిన సమ్మతి చెల్లదు. ముస్లిముల నికాహులో సైతము వధువు సమ్మతి అడుగుటయు, మెహరు వ్రాయుటయు మీరెఱిగినదే. హిందువుల సప్తపదిలో ఏడడుగులు ఇద్దఱును కలిసియే నడుతురు. కావున ఈ మూలసూత్రము మన ఊరికి పరాయిది కాదు.

ప్రభుత్వపు చట్టము కూడ దీనికి తోడున్నది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము నేడు తెలంగాణమునకు వర్తించుచున్నది. అధికారము గలవాడు జరిపించుట, ఇద్దఱు సాక్షులుండుట, పుస్తకమున నమోదగుట దాని ప్రకారము అవసరములు. ప్రత్యేకానుమతి లేనిదే ఉదయము ఆఱు గంటలకును సాయంకాలము ఏడు గంటలకును నడుమనే వివాహము జరుగవలెను. చీకటిలో గుట్టుగా జరుగరాదు. వరునికి 21, వధువునకు 18 సంవత్సరములు నిండవలెను. ఇరువురిలో ఎవరికిని బ్రతికియున్న భార్యగాని భర్తగాని ఉండరాదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ఇతరులకువలెనే వీరికిని వర్తించును. పరుని సొత్తు నాశింపకుమను ఆజ్ఞను కంఠస్థము చేసి, పెండ్లికూతురి తండ్రి పొలముపై కన్నువేయు వరుడు చట్టమును మాత్రమే గాక తన పాఠమును గూడ మరచినవాడు.

ఈ వ్రాతలు మన ఆచారములతో ఢీకొన్న సందర్భములును కలవు. మేనరికమునే చూడుడు. తెలుగుదేశమున మేనమామ అక్క కూతురిని పెండ్లాడుట చిరకాలపు వాడుక. కాని ఆంగ్లికను సంఘమందు 1563లో ఏర్పడిన బంధుత్వ పట్టిక అక్క కూతురిని పెండ్లాడుటను నిషేధించినది. మేనత్త బిడ్డను గాని మేనమామ బిడ్డను గాని పెండ్లాడుటను నిషేధింపలేదు. కథోలిక ధర్మశాస్త్రము ఈ రెండింటికిని అడ్డు చెప్పి, ప్రత్యేకానుమతికి తావిచ్చినది. 1872 చట్టములోని 88వ సెక్షను ప్రకారము, ఒకనికి వర్తించు ధర్మము నిషేధించిన వివాహమును ఈ చట్టము చెల్లుబాటు చేయదు. కావున సంబంధము కలుపుకొనక ముందే ఏ సంఘమున ఏ నియమము కలదో అడిగి తెలిసికొనవలెను. పందిరి వేసిన పిదప అభ్యంతరము బయటపడినచో ఆ యవమానము పిల్ల తలపైననే పడును.

అంతకంటె కఠినమైన ప్రశ్న ఇద్దఱు భార్యలు గలవానిది. అట్టివాడు బాప్తిస్మ మడిగినచో ఏమి చేయవలెను? ఏకపత్నీ నియమము వ్రాతలో స్పష్టము. కాని రెండవ భార్యను వెడలగొట్టినచో ఆమె గతి యేమి? పిల్లల గతి యేమి? 1888లో ఆంగ్లికను బిషప్పుల లాంబెతు సభ అట్టి పురుషునకు బాప్తిస్మ మీయరాదనియు, అతనిని బోధ క్రింద నుంచవలెననియు తీర్మానించినది. భార్యల విషయమును స్థానిక పెద్దల విచక్షణకు విడిచినది. నూఱు సంవత్సరముల పిదప, 1988లో, అదే లాంబెతు సభ తన మాటను సవరించుకొన్నది. భార్యలు బ్రతికియుండగా మఱల పెండ్లాడనని మాట యిచ్చినవానిని, స్థానిక సంఘపు సమ్మతితో, భార్యాబిడ్డలతో సహా చేర్చుకొనవచ్చుననియు, దిక్కులేనివారగుదురు గనుక ఆ భార్యలను విడువుమని నిర్బంధింపరాదనియు తీర్మానించినది. నియమము మారలేదు; ఏకపత్నీత్వమే ధర్మముగా నిలిచినది. కాని నియమమును నిలుపుటకై నిరపరాధినిని వీధిలోనికి నెట్టరాదని పెద్దలు గ్రహించిరి. వ్రాత యెంత పూజ్యమైనను దానిని ప్రయోగించుటలో దయ కావలెనని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

వ్రాతలు దుర్వినియోగమైన సంగతియు దాచరాదు. భార్యలు లోబడియుండవలెనను వాక్యమును ఎత్తి చూపి, అదే అధ్యాయమున భర్త భార్య కొఱకు తన ప్రాణము నర్పింపవలెనని యున్న మాటను విడిచిపెట్టువారు అనేకులు. 1662 నాటి ఆంగ్లికను ప్రార్థన పుస్తకములో వధువు మాత్రమే విధేయురాలగుదునని పలుకవలసియుండెను. వరుని ప్రమాణమున ఆ మాట లేదు. 1928లో ప్రతిపాదింపబడిన క్రొత్త పుస్తకము ఇరువురికిని ఒకే ప్రమాణమును పెట్టినది. ఇంగ్లాండు పార్లమెంటు ఆ పుస్తకమును ఆమోదింపకపోయినను, సమాన ప్రమాణమను తలంపు ఆగిపోలేదు. చట్టములోను ఇట్టి కొఱతయే యుండెను. 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము భార్య వ్యభిచరించెనని రుజువైనంత మాత్రమున భర్తకు విడాకులు దొరకెడివి. భార్య యడిగినచో, వ్యభిచారముతో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టుటయో మఱియొక నేరము గూడ చూపవలసియుండెను. ఈ అసమానత 2001లో జరిగిన సవరణతో తొలగినది. క్రూరత్వము ఇరువురికిని సమానమైన కారణమైనది. పరస్పర సమ్మతితో విడిపోవు మార్గమును ఏర్పడినది. దేవుని ముందు ఇద్దఱును సమానులని పదునాఱు వందల ఏండ్లకు పైగా పలికిన సమాజములకు, చట్టము ముందు సమానత రావలెనన్న ఇంత కాలము పట్టినది. మాట నోటిలో నుండుటకును చేతిలోనికి వచ్చుటకును నడుమ దూరము కలదు.

మఱి గ్రామమున పెద్దలు చేయవలసిన దేమి? నాకు తోచినవి నాలుగు సంగతులు మనవి చేసెదను.

మొదటిది, పెండ్లికి ముందు. సంఘ పెద్దలు వివాహ ప్రమాణమును వధూవరులచే పెండ్లినాడు మాత్రమే పలికింపక, మూడు వారముల ప్రకటన కాలమందు వారిద్దఱిని కూర్చుండబెట్టి, ఒక్కొక్క మాటకు అర్థము అడుగవలెను. కలిమియందును లేమియందును అనగా, వర్షము లేక బోరు ఎండినప్పుడు నీవేమి చేసెదవని వరుని అడుగవలెను. పిల్లను ఆమె తల్లిదండ్రులు లేని చోట, ఒక పెద్ద ముత్తైదువ సమక్షమున, నీకు సమ్మతమా యని వేఱుగా అడుగవలెను. ఆమె వద్దనినచో పెండ్లి నిలుపుటకు పెద్దలు ధైర్యము చూపవలెను. ఆగిపోయిన పెండ్లి వలన ఒక దినపు నగుబాటు. అక్కఱలేని పెండ్లి వలన ఒక జీవిత కాలపు దుఃఖము.

రెండవది, పెండ్లి యైన పిదప. ప్రశ్నోత్తరి ఇంటి పుస్తకమని లూథరు కాలమునుండియు చెప్పుచున్నారు. భోజనమైన పిదప అయిదు నిమిషములు భర్త ప్రశ్న అడుగగా భార్యయు, భార్య అడుగగా భర్తయు, పిల్లలు అడుగగా ఇద్దఱును బదులు చెప్పు ఇల్లు, తగవు వచ్చిననాడు మాట్లాడుటకు వాడుక పడిన ఇల్లగును. హైడల్‌బర్గు ప్రశ్నోత్తరిని 1563లో వ్రాసినవారు, దాని 129 ప్రశ్నలను సంవత్సరమందలి 52 ఆదివారములకు భాగించి చదువునట్లు ఏర్పాటు చేసిరి. రోజుకు పిడికెడు గింజలు చాలును. గాదె ఒక్కసారి మ్రింగ పనిలేదు.

మూడవది, తగవు వచ్చినప్పుడు. అప్పుడు పెద్దలు వివాహ ప్రమాణమును ఇరువురి ముందు చదివి వినిపించి, ఒకే ప్రశ్నను ఇద్దఱిని అడుగవలెను: ఇందులో నీవు నెఱవేర్పని మాట యేది? ఎదుటివాని తప్పును గూర్చి గాక తన వాగ్దానమును గూర్చి పలుకవలసివచ్చినప్పుడు, పెద్ద గొంతులు తమంతట తామే తగ్గును. ఇక్కడనే వ్రాత యొక్క మేలు తెలియును. అది మగవాని వైపు బంధువుగాదు, ఆడుదాని వైపు బంధువుగాదు. ఇద్దఱును తమ నోటితో ఒప్పుకొన్న మాట.

నాల్గవది, మిక్కిలి ముఖ్యమైనది. దెబ్బలు, ప్రాణభయము, తాగి వచ్చి హింసించుట ఉన్నచోట, సర్దుకొని పొమ్మని చెప్పుట తీర్పు కాదు. వివాహ బంధము పవిత్రమని వ్రాసిన వ్రాతయే, ఆ బంధమును మొదట తెంచినవాడు కొట్టినవాడని చెప్పుచున్నది. అట్టి స్త్రీకి ముందు రక్షణ, పిదప రాజీ మాట. 2005 నాటి గృహహింస చట్టము ఆమెకు అదే యింటిలో నివసించు హక్కును, న్యాయస్థానపు రక్షణ ఉత్తరువును ఇచ్చుచున్నది. ఆమెను తిరిగి ఆ యింటికి పంపి, రేపు శవమై తిరిగి వచ్చినచో, ఊరి పెద్దరికమునకు ఏ ప్రశ్నోత్తరియు బదులు చెప్పజాలదు.

మఱియొక హద్దును కూడ గుర్తుంచుకొనవలెను. సంఘ సభ గాని, ఊరి పంచాయితీ గాని విడాకులు ఈయజాలదు. చర్చి ధర్మాసనము వివాహము చెల్లదని చెప్పినను, దేశపు చట్టము దృష్టిలో ఆ వివాహము న్యాయస్థానము రద్దుచేయు వఱకు నిలిచియేయుండునని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పి, 2017లో మరల స్థిరపరచినది. కాగితముపై వ్రాయించి వ్రేలిముద్రలు వేయించి, విడిపోయిరని పంపివేయుట వలన ఆ స్త్రీ భరణమును, పిల్లలు హక్కులను కోల్పోవు ప్రమాదము కలదు.

విశ్వాస ప్రమాణము వైద్యుని మందు చీటి వంటిది. చీటిని కన్నుల కద్దుకొని పెట్టెలో దాచినవానికి జ్వరము తగ్గదు. చదివి, మందు తెచ్చి, వేళకు పుచ్చుకొనినచో గుణము కనబడును. చీటిలో లేని రోగము వచ్చినప్పుడు మరల వైద్యుని యొద్దకు పోవలెను గాని, చీటినే పట్టుకొని రోగిని చంపరాదు. క్రైస్తవులు తమ వ్రాతలను ఈ రీతిని వాడుకొనినచో వారి యిండ్లకు మేలు. ఇతర మతస్థులు తమతమ పెండ్లి ప్రమాణములను ఇట్లే తీసి చదివికొనినచో వారికిని మేలు. ఊరిలో ఎన్ని దేవాలయములున్నను, ఇచ్చిన మాట నిలుపుకొనవలెననుటలో అందఱిదియు ఒకే ధర్మము గదా!